బ్రేక్ లైటు మారిస్తే క్రూయిజ్ కంట్రోల్ ఎందుకు ఆగిపోయింది?

అమెరికాలోని టెక్సస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు ఈ మధ్య ఒక పాత పికప్ ట్రక్కు కొన్నాడు. 1991 నాటి బండి. పని మీద తరచూ డాలస్ నుంచి హ్యూస్టన్ వెళ్లి వస్తుంటాడు. ఒక వైపే సుమారు 385 కిలోమీటర్లు, చాలావరకు చదునైన రహదారి. అంతసేపు యాక్సిలరేటర్ మీద కాలు ఒకే తీరుగా నొక్కిపెట్టి ఉంచితే మడమ నొప్పెడుతుంది. అందుకే బండిలో క్రూయిజ్ కంట్రోల్ ఉందని సంబరపడ్డాడు. తీరా చూస్తే అది పనిచేయడం లేదు. మీట నొక్కినా వేగం నిలబడదు.

"నువ్వు ఫిజిక్సే కదా చదివింది, ఇదేంటో చెప్పు" అని ఒక రాత్రి ఫోన్ చేశాడు. అప్పటికే అతని దగ్గర ఒక సలహా ఉంది. బ్రేక్ స్విచ్ నుంచి క్రూయిజ్ నియంత్రణ పెట్టెకు వెళ్లే తీగను కోసి, పెట్టె వైపు కొసను బండి ఇనుప చట్రానికి కలిపేస్తే పది నిమిషాల్లో పని అయిపోతుందని తెలిసినవాళ్లెవరో చెప్పారట. నిజమే, అలా చేస్తే క్రూయిజ్ పనిచేయవచ్చు. కానీ అలా చేయవద్దని గట్టిగా చెప్పాను. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూడాలి.

చూపు లేని ఇంజినీరు ఆలోచన

క్రూయిజ్ కంట్రోల్ చేసే పని మూడు ముక్కల్లో చెప్పవచ్చు. వేగాన్ని కొలవడం, మనం కోరిన వేగంతో పోల్చడం, తేడాను బట్టి ఇంజిన్‌కు అందే గాలిని పెంచడం లేదా తగ్గించడం. ఈ మూడూ ఆగకుండా చక్రంలా తిరుగుతుంటాయి. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటాం. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి అమర్చిన గవర్నర్‌లోనూ ఇదే సూత్రం ఉంది. అందులో తిరిగే రెండు ఇనుప గుండ్లు వేగం పెరిగితే దూరంగా జరిగి ఆవిరిని తగ్గించేవి. వేగం తగ్గితే దగ్గరకు వచ్చి ఆవిరిని పెంచేవి.

దీన్ని కారుకు తెచ్చినవాడు రాల్ఫ్ టీటర్. 1890లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. ఐదేళ్ల వయసులో జరిగిన ప్రమాదంలో చూపు పోయింది. అయినా మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. తన న్యాయవాది కారు నడుపుతూ, మాట్లాడేటప్పుడు వేగం తగ్గించి, వినేటప్పుడు పెంచుతుంటే ఆ కుదుపులు భరించలేక టీటర్‌కు ఈ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1950లో ఆయనకు పేటెంట్ దక్కింది. 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో ఈ పరికరం మొదటిసారి మార్కెట్లోకి వచ్చింది.

పెడల్‌ను లాగేది గాలి

ఆధునిక కార్లలో థ్రాటిల్‌ను కంప్యూటరే నడుపుతుంది. పాత బండ్లలో అలా కాదు. అన్నయ్య బండి లాంటి వాటిలో ఇంజిన్ పక్కన రబ్బరు డయాఫ్రం ఉన్న ఒక డబ్బా ఉంటుంది. దీన్ని సర్వో అంటారు. పెట్రోలు ఇంజిన్ గాలిని పీల్చుకునేటప్పుడు దాని ఇన్‌టేక్ గొట్టంలో పీడనం బయటి వాతావరణం కంటే తక్కువగా ఉంటుంది. సన్నని రబ్బరు గొట్టం ఆ వాక్యూమ్‌ను సర్వోకు చేరవేస్తుంది. డయాఫ్రం లోపలికి వంగి, కేబుల్ ద్వారా థ్రాటిల్‌ను లాగుతుంది.

ఈ బలం ఎంతో లెక్క వేద్దాం. డయాఫ్రం వ్యాసం 10 సెంటీమీటర్లు, పీడనంలో తేడా 30 కిలోపాస్కల్ అనుకుంటే, వచ్చే బలం సుమారు 235 న్యూటన్లు. అంటే 24 కిలోల బరువును మోసేంత. థ్రాటిల్ స్ప్రింగును లాగడానికి ఇది చాలినంత.

చిక్కేమిటంటే, ఎత్తు ఎక్కేటప్పుడు థ్రాటిల్ బాగా తెరుచుకుంటుంది. అప్పుడు ఇన్‌టేక్‌లో వాక్యూమ్ తగ్గిపోతుంది. అంటే సహాయం బాగా కావాల్సిన సమయంలోనే బలం తగ్గుతుంది. అందుకే చాలా బండ్లలో వాక్యూమ్‌ను దాచి ఉంచే చిన్న డబ్బా, అది వెనక్కి పోకుండా ఒకవైపు మాత్రమే తెరుచుకునే కవాటం ఉంటాయి. చదునైన రోడ్డు మీద బాగానే ఉండి, ఎత్తు వచ్చేసరికి క్రూయిజ్ చతికిలబడుతుంటే ముందు ఈ కవాటాన్ని, పగిలిన రబ్బరు గొట్టాలను అనుమానించాలి.

వేగం ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఊగుతుంటే అది మరో సమస్య. కేబుల్ వదులైతే సరిదిద్దే చర్య ఆలస్యంగా అందుతుంది. అది అందేసరికి వేగం గీత దాటిపోతుంది. మళ్లీ అటు వైపు సరిదిద్దాల్సి వస్తుంది. గవర్నర్లలో ఇలాంటి ఊగిసలాట ఎప్పుడు పుడుతుందో గణితంతో వివరిస్తూ జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1868లోనే ఒక పరిశోధన పత్రం రాశాడు. విద్యుదయస్కాంత సమీకరణాల మాక్స్‌వెలే ఈయన.

తేలిక నుంచి కష్టానికి

క్రూయిజ్ అసలు పట్టుకోకపోతే, ఖరీదైన భాగాలు మార్చే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదట ఫ్యూజు. తర్వాత హారన్. చాలా బండ్లలో స్టీరింగ్ మీది క్రూయిజ్ మీటలకు, హారన్‌కు కరెంటు ఒకే దారిలో వస్తుంది. రెండూ పనిచేయకపోతే లోపం ఆ దారిలో ఉన్నట్టే. అయితే ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగును సొంతంగా విప్పకూడదు.

ఆ తర్వాత స్పీడోమీటరు. చక్రాల వేగాన్ని కొలిచే సెన్సర్ పల్సులు పంపుతుంది. కొన్ని అమెరికన్ వాహనాల్లో మైలుకు 8,000 పల్సులు, అంటే గంటకు 60 మైళ్ల వేగంలో సెకనుకు 133. ముల్లు ఎగిరెగిరి పడుతుంటే నియంత్రణ పెట్టెకు కూడా తప్పుడు సమాచారమే అందుతుండవచ్చు.

అన్నయ్య ఇవన్నీ చూశాడు. ఫ్యూజు బాగుంది, హారన్ మోగింది, ముల్లు నిలకడగా ఉంది, గొట్టాలు పగల్లేదు. "బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా?" అని అడిగాను. "బ్రహ్మాండంగా! ముందు ఓనరు కొత్త ఎల్‌ఈడీలు వేయించాడు" అన్నాడు. చిక్కుముడి అక్కడే ఉంది.

బల్బు మోసే రెండో పని

పాత బండ్లలో కొన్నింటి నియంత్రణ పెట్టె బ్రేక్ లైటు తీగను కనిపెట్టుకుని ఉంటుంది. బ్రేక్ నొక్కితే ఆ తీగలోకి 12 వోల్టులు వస్తాయి, వెంటనే క్రూయిజ్ వదిలేస్తుంది. బ్రేక్ నొక్కనప్పుడు ఆ తీగ సున్నా వోల్టుల దగ్గర ఉండాలి. దాన్ని అక్కడ ఉంచేది బల్బులోని ఫిలమెంటు. 27 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు నిరోధం సుమారు 6 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పుడు అందులో పదో వంతు మాత్రమే. అంటే వెలగని బల్బు కూడా ఆ తీగను బండి చట్రానికి కలిపి ఉంచుతుంది.

ఎల్‌ఈడీ అలా కాదు. ఎర్రటి ఎల్‌ఈడీలో కరెంటు పారాలంటే దాదాపు 2 వోల్టులు కావాలి. కొన్నింటిని వరుసగా కలిపితే ఇంకా ఎక్కువ. అంతకంటే తక్కువలో అది దాదాపు తెగిన తీగతో సమానం. అప్పుడు నియంత్రణ పెట్టెకు సున్నా వోల్టులు కనిపించవు. రెండు బల్బులూ మాడిపోయినా ఇదే పరిస్థితి. బ్రేక్ సమాచారం తనకు అందుతుందన్న నమ్మకం లేనప్పుడు ఆ పెట్టె క్రూయిజ్‌ను పట్టుకోనివ్వదు.

అంటే అన్నయ్య బండిలో క్రూయిజ్ చెడిపోలేదు. అది చేయాల్సిన పనే చేసింది.

తెగితే ఆగాలి

ఈ పద్ధతి మనకు రైళ్లలో బాగా తెలిసినదే. పాత వాక్యూమ్ బ్రేకుల రైలులో గొలుసు లాగితే గొట్టంలోకి గాలి చొరబడి వాక్యూమ్ పోతుంది, బ్రేకులు పడతాయి. గొట్టం తెగిపోయినా అదే జరుగుతుంది. లోపం వస్తే యంత్రం సురక్షితమైన వైపుకే ఒరగాలన్నది ఇంజినీర్లు పాటించే నియమం.

పికప్‌లోనూ రెండు ఏర్పాట్లు ఉంటాయి. బ్రేక్ పెడల్ కదిలితే విద్యుత్ సంకేతం వెళ్తుంది. దానితో సంబంధం లేకుండా, పెడల్ దగ్గరున్న చిన్న కవాటం తెరుచుకుని సర్వోలోకి గాలిని వదులుతుంది. అన్నయ్యకు వచ్చిన సలహా పాటిస్తే వీటిలో మొదటిది శాశ్వతంగా పోతుంది. ముప్పై ఏళ్లు దాటిన ఆ రబ్బరు కవాటం ఒక్కటే మిగులుతుంది. అది కూడా బిగుసుకుపోతే, బ్రేక్ నొక్కినా థ్రాటిల్ తెరిచే ఉంటుంది. గంటకు 105 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు తికమకపడితే బండి 58 మీటర్లు ముందుకు వెళ్తుంది. పైగా థ్రాటిల్ బాగా తెరిచి ఉంటే వాక్యూమ్ తగ్గి, బ్రేకుకు సాయపడే బూస్టర్ కూడా కొన్ని నొక్కులకే బలహీనపడుతుంది.

రక్షణ భాగమే నిప్పు పెడితే

ఇలాంటి రక్షణ స్విచ్చులు కూడా పాతబడతాయి. ఫోర్డ్ సంస్థ 1999 నుంచి 2009 వరకు విడతలవారీగా సుమారు 1.4 కోట్ల వాహనాలను వెనక్కి పిలిపించాల్సి వచ్చింది. 2005లో ఒక్కసారే 38 లక్షల పికప్‌లు, ఎస్‌యూవీలు ఆ జాబితాలో చేరాయి. గట్టిగా బ్రేక్ వేసినప్పుడు క్రూయిజ్‌ను ఆపడానికి బ్రేక్ ద్రవం పీడనంతో పనిచేసే స్విచ్ అందుకు కారణం. అందులోని పలుచని పొర చిరిగితే బ్రేక్ ద్రవం విద్యుత్ భాగాల్లోకి కారేది. ఆ స్విచ్‌కు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు అందుతుండటంతో తుప్పు పట్టి, వేడెక్కి, ఆపి ఉంచిన బండ్లకు కూడా మంటలు అంటుకున్నాయి. ఫ్యూజు ఉన్న తీగను అదనంగా అమర్చడం ఆ మరమ్మతులో ముఖ్యమైన భాగం.

అందుకే అమెరికాలో పాత బండి కొన్నవారు దాని 17 అక్షరాంకెల గుర్తింపు సంఖ్యను అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ వెబ్‌సైటులో సరిచూసుకోవడం మంచిది. చేయించని రీకాల్ మరమ్మతు ఏదైనా మిగిలి ఉంటే అక్కడ తెలిసే అవకాశం ఉంది.

అన్నయ్య ఎల్‌ఈడీలు తీసేసి రెండు మామూలు బల్బులు కొని వేశాడు. ఎల్‌ఈడీలే కావాలనుకునేవారు పక్కన నిరోధకం కలుపుతుంటారు. అయితే బ్రేక్ నొక్కి ఉంచినంతసేపూ అది బాగా వేడెక్కుతుంది కాబట్టి, ప్లాస్టిక్‌కు దూరంగా లోహపు పలక మీద బిగించాలి.

మర్నాడు ఖాళీ రోడ్డు మీద పరీక్షించమన్నాను. వేగం నిలిచిందా అని కాదు, బ్రేక్‌ను కొద్దిగా తాకగానే వదిలేస్తోందా అన్నది పదిసార్లు చూడమన్నాను. సాయంత్రం ఫోన్ చేశాడు. "పదికి పదిసార్లూ వదిలేసింది" అన్నాడు.