తమంతట తామాడు వీడియోలు

పాఠమునకై యొక వెబ్ పుటను తెఱచితిమి. మొదటి వాక్యము చదువకముందే మూలనున్న వీడియో యొకటి కదలనారంభించును. మనము దానిని కోరలేదు. అయినను మన డేటా వ్యయమగును, దృష్టి చెదరును. దినమునకింతయని డేటా కొలిచి వాడుకొను గృహములలో నిది స్వల్ప నష్టము కాదు.

పూర్వమీ పీడ యింకను హెచ్చు. పుట తెఱచినంతనే ధ్వని గూడ మ్రోగి, ప్రక్కవారికి సయితము నిద్రాభంగమగుచుండెను. 2017లో సఫారి, 2018లో క్రోము, 2019లో ఫైర్‌ఫాక్సు బ్రౌజరులు ధ్వనితో నాడు వీడియోలను మనమడుగకయే నిలుపజొచ్చినవి. మనము తఱచుగా వీడియోలు చూచు వెబ్‌సైట్లకు క్రోము మినహాయింపు నిచ్చును. అయితే ధ్వని లేని వీడియోలకు సామాన్యముగా నడ్డులేదు. చెవికి వినబడకున్నను డేటా కరగుచునే యుండును. పలువురు గమనింపని సంగతి యిదియే.

వానిని గూడ నిలుపుటకు ఫైర్‌ఫాక్సు మిక్కిలి యనుకూలమని నా తలంపు. కంప్యూటరులో దాని సెట్టింగ్సు తెఱచి, పర్మిషన్సు క్రిందనున్న ఆటోప్లేలో "బ్లాక్ ఆడియో అండ్ వీడియో" అనుదాని నెన్నుకొనవలెను. మ్యాక్ కంప్యూటరునందలి సఫారిలో, వెబ్‌సైట్సు భాగమున, "నెవర్ ఆటో-ప్లే" యున్నది. క్రోములో నొక్కొక్క వెబ్‌సైటు ధ్వనిని మూయవచ్చును గాని, దానివలన బొమ్మ యాగదు.

యూట్యూబులో నొక వీడియో ముగియగనే మఱియొకటి మొదలగుట వేఱు సంగతి. దాని మీట వీడియో చట్రములోనే యున్నది.