జట్టును పెంచుకొను విధము

సాయంకాలమున మన మైదానములో జట్లు కోరుకొను బాలురను చూచినవారికి ఒక సంగతి తెలియును. ఇద్దరు నాయకులు ఎదురెదురుగా నిలిచి, ఒకరి తరువాత నొకరు ఒక్కొక్కని పేరు పిలుతురు. ఆట ముగియగానే ఆ జట్లును ముగియును. మరునాడు మరల క్రొత్త కోరిక. ఇట్టి కోరికలో చిన్నవానికి విలువ లేదు. నేడు వేగముగా పరుగెత్తగల పెద్ద తరగతివాడే ముందు పోవును. అయితే, ఒకసారి కోరుకొన్నవారే బడి విడుచువరకు మన జట్టులో నుందురని నియమము పెట్టినయెడల ఏమగును? పదవ తరగతివాడు ఈ వేసవికి వెడలిపోవును. ఆరవ తరగతిలోని చురుకైన పిల్లవాడు ఇంకను నాలుగేండ్లు మిగులును. వెంటనే లెక్క యంతయు మారిపోవును. మారిన ఆ లెక్కనే ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఇట్టి నియమముతో ఆడు ఆట యొకటి అమెరికా దేశమున మిక్కిలి ప్రచారమునందున్నది. దానికి డైనాస్టీ ఫాంటసీ ఫుట్‌బాల్ అని పేరు. ఫాంటసీ యనగా ఊహ. డైనాస్టీ యనగా రాజవంశము. 1962వ సంవత్సరమున ఓక్లాండు నగరవాసి యగు బిల్ వింకెన్‌బాక్ తన మిత్రులతో గూడి ఊహాజట్ల ఆటకు నియమములు వ్రాసెను. 1963లో తొలి లీగు నడచెను. పదిమందియో పండ్రెండుమందియో కూడి, తమ దేశపు ప్రసిద్ధ ఆటగాండ్రను కాగితముమీద పంచుకొందురు. ఆ ఆటగాండ్రు మైదానమున నిజముగా సాధించినదానిని బట్టి ఊహాజట్టు యజమానికి పాయింట్లు వచ్చును. సామాన్యపు లీగులో ఏడాది కాగానే జట్లు రద్దగును. డైనాస్టీలో నట్లు గాదు. పంచుకొన్న ఆటగాండ్రు ఏటేట యజమానియొద్దనే యుందురు. ప్రతివత్సరము కళాశాలలనుండి వచ్చు క్రొత్తవారిని మాత్రమే మరల పంచుకొందురు. ఆ పంపకమును డ్రాఫ్టు అందురు. అందు కడపటి స్థానమున నున్నవాడు ముందుగా కోరుకొనును. గెలిచినవానికి కడపటి వంతు. ఆటగాండ్రనే కాక, రాబోవు సంవత్సరపు వంతులను సైతము ఒకరితో నొకరు మార్చుకొనవచ్చును.

ఈ ఆటలో నెరుగదగిన మొదటి సూత్రము: ఆటగాని విలువ వాని నేటి బలము మాత్రమే కాదు, వానికి మిగిలియున్న సంవత్సరములు కూడ. అమెరికా ఫుట్‌బాల్‌లో బంతిని చంకనిడుకొని ఎదిరివారి నడుమ దూసికొనిపోవు రన్నింగ్ బ్యాక్ నిత్యము దెబ్బలు తినుచుండును గనుక, ఇరువదియేడు ఇరువదియెనిమిదేండ్లు దాటునప్పటికి సాధారణముగా వాని బలము తగ్గును. బంతి విసరు క్వార్టర్‌బ్యాక్ అంతకంటె చాల కాలము నిలుచును. టామ్ బ్రాడీ 2021లో నలువదిమూడేండ్ల వయస్సున తన జట్టును విజేతగా జేసెను. కావున ఇద్దరును నేడు సమానముగా పాయింట్లు తెచ్చుచున్నను, ఇద్దరి వెల సమానము కాదు.

రెండవ సూత్రము: తన స్థితిని తా నెరుగుట. ఈ ఏడు గెలువగల జట్టుగలవాడు అనుభవజ్ఞులను కొనవలెను. గెలువలేనివాడు వారినిచ్చి పిన్నవారిని, డ్రాఫ్టు వంతులను కూర్చుకొనవలెను. ఈ రెంటి నడుమ నూగులాడువాడే మిక్కిలి చెడును. వానికి కప్పు రాదు. మంచి వంతును రాదు. ఏటేట అయిదవ ఆరవ స్థానములలో నిలిచి, తన ఆటగాండ్రు ముసలివారగుట చూచుచుండును.

ఈ సూత్రములకు ఉదాహరణము మన హైదరాబాదు క్రికెట్ జట్టునందే కలదు. 2016లో ఐపీఎల్ గెలిచిన సన్‌రైజర్స్ జట్టులో శిఖర్ ధావన్ ముఖ్యుడు. 2018 చివర వానికి ముప్పదిమూడేండ్లు నిండవచ్చినప్పుడు, ఆ జట్టు వానిని ఢిల్లీకిచ్చి ముగ్గురిని తీసికొనెను. వారిలో పదునెనిమిదేండ్ల అభిషేక్ శర్మ యొకడు. ఈ మార్పిడిలో మోసపోయిన దెవరు? ఎవరును గాదని మా తలంపు. ధావన్ 2020లో 618 పరుగులు చేసెను. ఢిల్లీ ఆ యేడే మొదటిసారి ఫైనలు చేరెను. అభిషేక్‌కు తొలి మూడేండ్లలో అవకాశములే కొద్ది. 2022 వేలమున వానిని 6.5 కోట్లకు మరల కొనవలసియును వచ్చెను. కాని 2024లో వాడు 484 పరుగులు చేయగా హైదరాబాదు ఫైనలు చేరెను. 2025 ఏప్రిల్‌లో ఉప్పల్ మైదానమున ఒక్క ఆటలోనే 141 పరుగులు చేసెను. ఒకరికి ఆ దినములే కావలసియుండెను. మరియొకరు రాబోవు దినములను కొనుక్కొనిరి. మంచి మార్పిడి యనగా ఎదుటివాని నష్టము కాదు. ఇద్దరి అవసరములు వేరగుటయే దానికి మూలము.

మూడవ సూత్రమును మన యూరి రైతులకు మేము చెప్పనక్కరలేదు. విత్తనపు గింజలను వండుకొని తినరాదు. మన ఇస్నాపూర్‌కు చేరువ నున్న పటాన్‌చెరు ఇక్రిశాట్ సంస్థయందు జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనములను చల్లని గదులలో దాచియుంచుట యెందుకు? రాబోవు కాలమున ఏ విత్తనము పనికివచ్చునో నేడెవ్వరును చెప్పలేరు గనుకనే. డ్రాఫ్టు వంతులును అట్టివే. విశాఖపట్టణపు నితీశ్ కుమార్ రెడ్డిని 20 లక్షలకు కొనిరి. 2024లో వాడు వర్ధమాన క్రీడాకారుని బహుమానమందగా, 6 కోట్లకు నిలుపుకొనిరి. అదే బహుమానమును 2022లో 22 వికెట్లు తీసి పొందిన ఉమ్రాన్ మాలిక్‌ను గాయములు వెనుకకు లాగెను. 2024లో ఆ జట్టు వానిని విడిచిపెట్టెను. రెండును విత్తనములే, ఒకటి మొలిచెను, ఒకటి వాడెను. కావున ఒక్క గింజమీదనే ఆశ పెట్టుకొనక, పెక్కు గింజలు చల్లవలెను.

అయినను దీనికి ఎదురు దోషమును కలదు. కొందరు పిన్నవారిని కూర్చుటయందే ఆనందించి, ప్రతి సంవత్సరము వచ్చే సంవత్సరమే మాదని చెప్పుచుందురు. ఎన్నడును కోత కోయని వానికి విత్తనముల గాదెతో పనియేమి? పిన్నవాడు పక్వమునకు వచ్చినప్పుడు వానిచుట్టు పెద్దవారిని చేర్చి గెలువవలెను.

ఇంతవరకు చెప్పినది కాగితపు జట్ల మాట. నిజమైన మైదానమున ఇట్లు జట్టును పెంచినవాడు మన హైదరాబాదులో నుండెను. సయ్యద్ అబ్దుల్ రహీమ్ మొదట పాఠశాలలో ఉపాధ్యాయుడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు శిక్షణభారము వహించెను. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచెను. కప్పులతో తృప్తి చెందక, అతడు పిన్నలకు వేరుగా పోటీలు పెట్టి, ఎడమపాదము బలహీనమైనవానిని ఆ పాదముతోనే ఆడించుచుండెను. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడ బాలుడు తులసీదాస్ బలరామ్ అతని చేతిలో పెరిగిన వాడే. రహీమ్ శిక్షణలో భారతజట్టు 1956 ఒలింపిక్సులో నాలుగవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. 1963లో రహీమ్ మరణించెను. ఆ స్వర్ణము మరల మనకు రాలేదు. హైదరాబాదు ఫుట్‌బాల్‌కు నాటి ప్రభయు నేడు లేదు. పెద్దవాడు వెడలునాటికి వాని వెనుక నిలుచు పిన్నవాడు సిద్ధముగా లేనియెడల ఎంత గొప్ప జట్టైనను కథగా మిగులును. ఫ్యాక్టరీలలో పనిచేయు తలిదండ్రు లీ సంగతి యెరుగుదురు. నిపుణులందరు ఒకే యేట రిటైరై, పని నేర్చుకొన్న కుర్రవాడొక్కడును లేకున్న ఆ యంత్రమును నడుపువారెవరు?

బాలురకు మే మొక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ ఆటను సొమ్ము ఒడ్డి ఆడరాదు. అంతర్జాలమున పణము పెట్టి ఆడు ఆటలను తెలంగాణ రాష్ట్రము 2017లోను, కేంద్రప్రభుత్వము 2025లోను చట్టముచే నిషేధించినవి. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు, నమ్మదగిన ఆరుగురు మిత్రులు చాలుదురు. క్రికెట్ ఆటగాండ్రను పంచుకొని, ప్రతి పేరు ప్రక్కను వాని వయస్సు వ్రాసికొని, మూడు నాలుగేండ్లు విడువక ఆడి చూడుడు. ఓడిన యేట నోటుబుక్కును చింపివేయకుండుటయే ఈ ఆటలో అన్నిటికంటె కష్టమైన పాఠము.

రేపు సాయంకాలము జట్లు కోరుకొనునప్పుడు, గట్టుమీద కూర్చుండిన ఆరవ తరగతివానిని ఒకమారు పిలువుడు. నేడు వాడు క్యాచి జారవిడువవచ్చును. కాని మీరు బడి విడిచిన పిమ్మట మన జట్టు వానిదే.