మీకు తెలుసా? సొంతగడ్డ బలమంతా గ్యాలరీలోనే లేదు

2019 సెప్టెంబరు నెలాఖరున దక్షిణాఫ్రికా జట్టు మన విజయనగరం వచ్చింది. డాక్టర్ పీవీజీ రాజు ఏసీఏ మైదానంలో బోర్డు ప్రెసిడెంట్ ఎలెవన్‌తో మూడు రోజుల సన్నాహక మ్యాచ్. తొలిరోజు వాన మింగేసింది. తర్వాత దక్షిణాఫ్రికా ఓపెనర్ మార్‌క్రమ్ సెంచరీ చేసి, మిగతావాళ్లకూ బ్యాటింగ్ దొరకాలని తనంతట తానే తప్పుకున్నాడు. టెస్టుల్లో తొలిసారి ఓపెనర్‌గా దిగబోతున్న రోహిత్ శర్మ రెండే బంతులాడి డకౌట్.

సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో, అక్టోబరు 2న వైజాగ్ టెస్టు మొదలైంది. లెక్క తిరగబడింది. రోహిత్ 176, 127. మార్‌క్రమ్ 5, 39. ఓపెనర్‌గా ఆడిన తొలి టెస్టులోనే రెండు ఇన్నింగ్స్‌లలో సెంచరీ చేసినవాడు రోహిత్‌కి ముందు ఎవరూ లేరు.

ఆఖరి రోజు మన పేసర్ షమీని చూసినవాళ్లకు సొంత పిచ్ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐదు రోజుల ఆటకి అరిగిన పిచ్ మీద బంతి లేవడం మానేసింది. అతను నేరుగా వికెట్లకే గురిపెట్టాడు. తీసిన ఐదు వికెట్లలో నాలుగు బౌల్డ్! భారత్ 203 పరుగులతో గెలిచింది.

వైజాగ్‌లో భారత్ 2016లో, 2019లో, 2024లో టెస్టులు ఆడింది. మూడూ గెలిచింది. మూడింట్లోనూ టాస్ మనదే, ముందు బ్యాటింగూ మనదే. ఆ టాస్ మాట కూడా కలిపి చెప్పుకోవడమే న్యాయం. అరిగిన పిచ్ మీద ఆఖరున బ్యాటు పట్టాల్సింది అవతలివాళ్లే కదా! 2019 సిరీస్‌లో వరుసగా టాస్‌లు ఓడిన దక్షిణాఫ్రికా కెప్టెన్ డుప్లెసిస్, రాంచీలో తన బదులు సహచరుడు బవుమా చేత టాస్ పిలిపించాడు. అదీ ఓడిపోయారు.

ఇంటి జట్టుకున్న ఈ మొగ్గు తగ్గించాలని ఇంగ్లండ్ కౌంటీల్లో 2016 నుంచి 2019 వరకు టాస్ లేకుండానే ముందు బౌలింగ్ ఎంచుకునే వీలు అతిథి జట్టుకు ఇచ్చారు. మన బోర్డు ఇంకా దూరం వెళ్లింది. 2016-17 రంజీ మ్యాచ్‌లన్నీ తటస్థ వేదికల్లో పెట్టింది. ఆ ఏడు ఆంధ్రకి సొంత మైదానమే లేకుండా పోయింది. మరుసటి సీజన్‌కే పాత పద్ధతికి వచ్చేశారు. మంచి పని చేశారు. తమ కుర్రాళ్లు ఆడకపోతే ఊళ్లో రంజీ మ్యాచ్‌కి ఎవరొస్తారు?

అమెరికా కాలేజీల ఐస్ హాకీలో ఈ మొగ్గు రూల్‌బుక్‌లోనే ఉంది. ఆట ఆగినప్పుడు ముందు అతిథి జట్టు తన ఆటగాళ్లను మార్చుకోవాలి. బరిలో ఎవరున్నారో చూసుకున్నాక ఆతిథ్య జట్టు తన మార్పు చేస్తుంది. అవతలి మేటి ఆటగాడి మీదికి ఎవరిని వదలాలో తేల్చేది ఇంటివాళ్లే.

జనం కేకలకి విలువ లేదని కాదు. కరోనా వేళ 2020లో ఖాళీ గ్యాలరీల మధ్య ఆడిన జర్మనీ ఫుట్‌బాల్ లీగ్‌లో ఇంటి జట్ల గెలుపులు తగ్గాయి. కానీ ఆ బలం జట్టులో అందరికీ ఒకేలా అందదు. విశాఖ కుర్రాడు, వికెట్ కీపర్ కోన శ్రీకర్ భరత్ విజయనగరం సన్నాహక మ్యాచ్‌లో 71 కొట్టాడు. 2024లో సొంతూళ్లో, సొంత జనం ముందు టెస్టు ఆడితే 17, 6. భారత్ 106 పరుగులతో గెలిచింది. తర్వాతి టెస్టులో కీపింగ్ గ్లవ్స్ ధ్రువ్ జురెల్‌కి వెళ్లాయి.