కొవ్వును కోసే నీటిధార

2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద మురుగుకాలువకు 250 మీటర్ల పొడవున, సుమారు 130 టన్నుల కొవ్వుగడ్డ అడ్డుపడింది. పనివాళ్ళు దిగి తొలగించడానికి వారాలు పట్టింది. వాడిన నూనెలోని కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి సబ్బులాంటి గట్టి పదార్థమవుతాయి. కఠినజలంలో సబ్బు తెట్టెకట్టడం మీరు చూసే ఉంటారు, ఇదీ అటువంటిదే.

అది మనిషి పట్టే కాలువ. హోటలు వంటింటి మురుగుగొట్టంలో మనిషి దూరలేడు. బద్దతో పొడిస్తే చిన్న కంత పడుతుంది, అంతే! అందువల్ల రబ్బరు గొట్టం చివర లోహపు మూతి బిగించి లోపలికి వదిలి, వాతావరణ పీడనానికి వందరెట్ల ఒత్తిడితో నీరు పంపుతారు. చిత్రమేమంటే, మూతి రంధ్రాలు చాలావరకు వెనుకవైపుకే ఉంటాయి. ఎందుకో ఊహించండి! నీరు వెనుకకు చిమ్మితే మూతి ముందుకు పోతుంది. న్యూటన్ మూడవ నియమమే కదా! ఆ ధారలే గోడను గీకి కొవ్వును వెనుకకు తోస్తాయి. పంపు ఆపకుండా మూతిని బయటికి తీయరాదు; ఆ ధార చర్మాన్ని చీల్చగలదు.