బిడ్డ నోరు విప్పినవేళ

భారతమున ఉద్యోగపర్వమందలి శిఖండి కథ మన మెఱుగనిది కాదు. అయినను భీష్ముని యెదుట నిలిచిన శిఖండినే తలచుకొందుము గాని, అంతకుముందు ఆ బిడ్డ ద్రుపదుని యింట గడపిన దినములను తలపము. ఆడుబిడ్డగా పుట్టిన శిఖండినిని తలిదండ్రులు మగబిడ్డ యని లోకమునకు చాటి పెంచిరి. ఈడు రాగానే దశార్ణరాజు కూతును తెచ్చి పెండ్లియు చేసిరి. నిజము బయటపడెను. వియ్యంకుడు దండెత్తి వచ్చెను. ద్రుపదుడు తనకేమియు తెలియనట్లు నలుగురిలో రాణిని ప్రశ్నించెను. తన మూలముననే గదా వీరికింత దుఃఖమని శిఖండిని ప్రాణములు విడువ నిశ్చయించి అడవికి పోయెను. ఎందులకు వచ్చితివని అక్కడ అడిగినవాడు స్థూణాకర్ణుడను యక్షుడు. ఆ బిడ్డ మనసులో నేమున్నదో అంతవరకు ఇంటిలో అడిగినవారు మాకు కానరారు.

ఈ కథను మేము ఎన్నిమార్లో చదివితిమి. దాని భారము మాత్రము మొన్న మొన్న తెలిసినది.

మా పొరుగింటి యిల్లాలు ఒక సాయంకాలము పైటచెఱగున ఏదియో దాచుకొని మా యింటికి వచ్చెను. తీసి చూపగా అది జడ. "కత్తెరతో కోసేసుకుంది వదినగారూ! నేను ఆడపిల్లను కాను, అబ్బాయిని అంటున్నది" అని కూలబడెను. బిడ్డకు పదునైదేండ్లు, తొమ్మిదవ తరగతి. మేము ఏమంటిమో దాచుట యెందులకు? "ఈడు పిల్లల పిచ్చి, నాలుగుదినములలో పోవును, గట్టిగా మందలింపుము" అంటిమి. తండ్రి మందలింపుతో ఊరకొనక చేయి చేసికొనెను, ఫోను లాగికొనెను, చదువు మాన్పించి సంబంధములు చూతుననెను. పదునెనిమిదేండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట నేరమన్న సంగతి అట్లుండనిండు. పెండ్లి చేసి సర్దుకొందమన్న ఆలోచన ద్రుపదుని నెక్కడికి తెచ్చినదో చూచితిమి గదా!

వారము తిరుగకముందే బిడ్డ అన్నము మానెను, గది తలుపు మూసికొనెను. అప్పుడు మాకు అడవి జ్ఞాపకము వచ్చెను. పరుగున పోయి తల్లితో, "మేమన్న మాట తప్పు. తలుపు తీయించి, ఎప్పటినుండి ఇట్లు తోచుచున్నదో అడుగుము. చెప్పుచుండగా అడ్డుపడకుము" అంటిమి. ఆ రాత్రి తల్లియు బిడ్డయు డాబామీద చాలసేపు కూర్చుండిరి. ఆఱేడేండ్ల నాటి పట్టులంగా మొదలు నిన్నటి పాఠశాల దుస్తుల వఱకు బిడ్డ అన్నియు చెప్పెను. చివరకు కోరినది ఒక్కటే, తనను "ఏమే" అని పిలువవద్దని.

ఇచ్చట మన భాషను గూర్చి ఒక మాట. "నేను వచ్చాను, నువ్వు వచ్చావు" అన్నచో ఆడుమగ తేడా లేదు. ఎదుట కూర్చుండి మాటాడునంతసేపు తెలుగు క్రియ ఏ బిడ్డను నొప్పింపదు. చిక్కంతయు చాటున, "వచ్చాడా, వచ్చిందా" అని నలుగురితో చెప్పునప్పుడే. ఈ వ్యాసమున మా గ్రాంథికపు "చెప్పెను" మమ్ము కాపాడినది, అది ఇరువురకును చెల్లును. తల్లి "ఏమే" మాని "కన్నా" అనసాగెను. అందులకు ఖర్చేమున్నది?

తండ్రి ఒక వైద్యుని పేరు విని వచ్చెను. ఆయన కొన్ని మార్లు తీసికొనివచ్చినచో బిడ్డ మనసు త్రిప్పెదననెను. అట్టి చికిత్స చేయుట వైద్యవృత్తికి విరుద్ధమైన దుర్వర్తనమని జాతీయ వైద్య కమిషను 2022లోనే తెలిపినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల పట్టికలో ఈ భావము మానసికరోగముల వరుసలో లేదు. రెండవ వైద్యురాలు మొదట బిడ్డతో ఒంటరిగా, పిదప తలిదండ్రులతో మాటాడెను. ఇట్లు చెప్పు పిల్లలలో కొందఱు కడవఱకు అట్లే యుందురనియు, కొందఱి యాలోచన కాలక్రమమున మాఱుననియు, ఇది ఏదియో తేల్చుటకు తొందర లేదనియు చెప్పెను. జుట్టు మరల పెరుగును, చొక్కా విప్పవచ్చును. మందులు, శస్త్రచికిత్సలు వేఱు సంగతి, వాని నిప్పుడు తలపెట్టనక్కఱలేదు. ఇప్పుడు చూడవలసినవి బిడ్డ నిద్ర, తిండి, చదువు. చావు మాట యెత్తినచో మాత్రము ఒంటరిగా విడువరాదు. ప్రభుత్వమువారి టెలి మానస్ 14416 సంఖ్యకు రాత్రియైనను ఫోను చేయవచ్చును.

"ఇంటినుండి పంపివేయుదు"నని తండ్రి కోపమున అన్నమాట కూడ మా చెవిని పడినది. ఎవరు ఏ లింగమువారో చెప్పుకొను హక్కు వారిదేయని 2014లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2019లో పార్లమెంటు చేసిన చట్టము, ట్రాన్స్‌జెండరు అను కారణమున, న్యాయస్థానము ఉత్తరువు లేనిదే బిడ్డను తలిదండ్రులనుండి వేఱుచేయరాదనెను. మా వారు ఈ సంగతులు ఆయనకు నెమ్మదిగా చెప్పిరి. అవి విన్నందుననో, బిడ్డ చిక్కిపోయిన ముఖము చూచినందుననో, ఆయన మరల ఆ మాట యెత్తలేదు. ఇప్పటికిని బిడ్డతో మాటలు తక్కువే. ఫోను మాత్రము తిరిగి యిచ్చెను.

చుట్టములతో ఏమి చెప్పవలెనని తల్లి దిగులు. ఏమియు చెప్పనక్కఱలేదంటిమి. బిడ్డ సమ్మతి లేక ఆ మాటను పేరంటములకు మోసికొనిపోవుట మంచిది కాదు. జడ యేమైనదని అడిగిన ఆడబిడ్డకు "ఎండలకు తీయించితిమి" అన్న జవాబు చాలినది.

సంక్రాంతికి వారింట బొమ్మలకొలువు. మెట్లు కట్టి, గుడ్డ పఱచు పని ఏటేట ఆ బిడ్డదే. బామ్మగారికి ఎవరు ఎంత చెప్పిరో మాకు తెలియదు. పెట్టె మూత తీసి, కొండపల్లి ఏనుగు అంబారీని దులుపుచు, "మెట్లు కట్టేవాడేడర్రా?" అని కేకవేసెను. పొరపాటున అనెనో, ఎఱిగి అనెనో మేము అడుగలేదు. బిడ్డ మాత్రము లోపలినుండి పలికెను.