జురాసిక్ కాలం ఆల్చిప్ప.. గోదావరి లోయలో ఎందుకు దొరకదు? కచ్‌లో ఎందుకు దొరుకుతుంది?

జురాసిక్ అనగానే డైనోసార్లే గుర్తొస్తాయి. కానీ ఆ కాలపు రాళ్లను చదివేవాళ్లకు అరచేతిలో పట్టే ఓ ఆల్చిప్ప కూడా అంతే ముఖ్యం. దాని పేరు స్కాలప్. షెల్ పెట్రోల్ బంకు లోగో చూశారు కదా.. విసనకర్రలా విచ్చుకున్న చిప్ప, అదే ఇది!

జూలూరుపాడు, కొత్తగూడెం వైపు వాళ్లకు పాత రాళ్లు కొత్తేమీ కాదు. సింగరేణి బొగ్గు వయసు 25 కోట్ల ఏళ్లకు పైనే. అంటే జురాసిక్ కంటే ముందుది. గోదావరి లోయలోనే ఇంకా ఎగువకు వెళ్తే జురాసిక్ రాళ్లూ ఉన్నాయి. మహారాష్ట్రలోని సిరోంచ దగ్గరున్న కోట గ్రామం పేరు మీద వీటిని 'కోట ఫార్మేషన్' అంటారు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ డైనోసార్ ఈ రాళ్లలోదే. దానికి 1988లో పి.యాదగిరి ఆ పేరు పెట్టారు. అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో చూడొచ్చు.

మరి ఇక్కడ స్కాలప్ ఎందుకు లేదు? స్కాలప్ ఉప్పునీటి జీవి. కోట రాళ్లేమో నదులు, మంచినీటి సరస్సుల అడుగున పేరుకున్న ఇసుక, బురద, సున్నం. అందుకే వాటిలో లెపిడోటిస్ లాంటి చేపలు కనిపిస్తాయి తప్ప సముద్రపు స్కాలప్ కాదు. జురాసిక్‌లో సముద్రం ముంచెత్తింది గుజరాత్‌లోని కచ్‌ను. అక్కడి కొన్ని ఆల్చిప్ప జాతులు మడగాస్కర్, తూర్పు ఆఫ్రికాల్లోనూ ఉన్నాయి. అప్పట్లో ఆ తీరాలు దగ్గర దగ్గరగా ఉండేవి మరి.

కచ్ స్కాలప్‌లను ఎల్.ఆర్.కాక్స్ 1952లో వివరంగా రాశారు. జీఎస్‌ఐ ప్రచురణల్లో అది వచ్చింది. ఓ జాతిని 'వివరించడం' అంటే ఫొటో తీసి పేరు పెట్టేయడం కాదు. చిప్ప ఎత్తు, వెడల్పు కొలవాలి. పైన గీరల్లా ఉండే గట్లు ఎన్నో లెక్కపెట్టాలి. రెండు చిప్పలు కలిసే చోట అటూ ఇటూ చెవుల్లాంటివి ఉంటాయి. అవి సమానంగా ఉన్నాయా, ఒకటి పెద్దదా అన్నది చూడాలి. కుడి చిప్ప ముందు చెవి కింద చిన్న గాడి ఉంటుంది. జీవి తన దారపు పోగులతో రాయిని పట్టుకునేది అక్కడి నుంచే. ఇవన్నీ పాత జాతులతో పోల్చి, తేడా తేలితేనే కొత్త పేరు. ఏ నమూనాను చూసి పేరు పెట్టారో దాన్ని మ్యూజియంలో నంబరు వేసి భద్రపరుస్తారు. రేపు ఎవరికి డౌట్ వచ్చినా దాన్నే తీసి చూడాలి.

ఇక్కడే అసలు చిక్కు. చెవి విరిగితే సగం ఆధారం పోయినట్టే. ఏ ఊరు, ఏ పొర అన్నది తెలియకపోతే చిప్ప ఎంత అందంగా ఉన్నా షోకేస్ బొమ్మే. ఇంకోటి.. రాయిలో చిప్ప కనిపించగానే 'ఇక్కడ సముద్రం ఉండేది' అని వాట్సాప్‌లో పెట్టేయడానికి లేదు. మన చెరువుల్లోనూ ఆల్చిప్పలుంటాయి కదా!

ఎక్కడైనా రాతిలో ఇలాంటిది కనిపిస్తే సుత్తితో కొట్టొద్దు. పక్కన ఓ నాణెం పెట్టి ఫొటో తీసి, లొకేషన్‌తో పాటు హైదరాబాద్ బండ్లగూడలోని జీఎస్‌ఐ ఆఫీసుకు తెలియజేస్తే సరి.