బండ తగిలేదాకా తవ్వాలి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఇల్లు కట్టాలంటే ముందు నేల సంగతి చూడాలి. ఇక్కడ చాలాచోట్ల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. పైపైన పునాది వేసి గోడలు లేపితే కొన్నాళ్లకే అవి పగుళ్లిస్తాయి. అందుకే గట్టినేల తగిలేదాకా తవ్వించమంటారు అనుభవం గల మేస్త్రీలు.

యేసుప్రభువు చెప్పిన రెండు ఇళ్ల ఉపమానంలోనూ ఇదే విషయముంది. మొదటివాడు లోతుగా తవ్వి బండమీద పునాది వేశాడని లూకా ప్రత్యేకంగా రాశాడు (లూకా 6:47-49). రెండోవాడు పునాదే లేకుండా కట్టాడు. వరద వచ్చేదాకా ఆ తేడా ఎవరికీ తెలియలేదు. ఇద్దరూ ప్రభువు మాటలు విన్నవారే! విన్నదాని ప్రకారం చేసినవాడి ఇల్లే నిలిచింది.

ఈ ప్రాంతపు క్రైస్తవ సంఘాల చరిత్ర కూడా మనకు ఇదే పాఠం చెబుతుంది. తెలుగులో మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. 1818లో కొత్త నిబంధన, 1854లో సంపూర్ణ బైబిలు వెలువడ్డాయి. ఆ శతాబ్దంలోనే ఎస్‌పీజీ మిషనరీ రెవరెండ్ జాన్ క్లే ఆళ్లగడ్డకు సమీపంలోని ముత్యాలపాడు కేంద్రంగా సేవ చేశారు. నాటి గ్రామీణ విశ్వాసుల్లో అత్యధికులకు అక్షరం ముక్క రాదు. పగలంతా పొలంలో కష్టపడి వచ్చినవారికి ఉపదేశకులు ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం కంఠస్థం చేయించేవారు. చేతిలో పుస్తకం లేకున్నా గుండెలో వాక్యం ఉన్న తరమది!

1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు ఏకమై దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, ఏర్పడింది. అయితే నంద్యాల ప్రాంతంలోని ఆంగ్లికన్ సంఘాలు అనేకం అందులో చేరలేదు. బిషప్పుల పరంపర, గురువుల అభిషేకం వంటి విషయాల్లో అభ్యంతరాలు బలంగా ఉండేవి. 1963లో నంద్యాల ప్రత్యేక డయాసిస్ అయింది. చివరికి 1975లో సీఎస్ఐలో కలిసింది. మధ్యలో గడిచింది 28 ఏళ్లు! నాటి పెద్దల చిత్తశుద్ధిని మనం శంకించనక్కరలేదు. కాని ఒక్క విషయం ఆలోచించాలి. అటువారూ ఇటువారూ చదివింది అదే తెలుగు బైబిలు. తనవారంతా ఏకమై ఉండాలని ప్రభువు చేసిన ప్రార్థన (యోహాను 17:21) ఇద్దరి చేతుల్లోనూ ఉంది. బైబిలు కలిగి ఉండటం వేరు, బైబిలుకు లోబడి ఉండటం వేరు!

ఈ మాట నేటి సంఘానికి మరింత అవసరం. ఇప్పుడు బైబిలు అందరి ఇళ్లలోనూ ఉంది, సెల్‌ఫోన్‌లోనూ ఉంది. అయినా చాలామంది విశ్వాసం ఎవరో ఒక బోధకుని మాటకారితనం మీదో, ఎవరికో వచ్చిన దర్శనం మీదో ఆనుకుని ఉంటోంది. ఆ బోధకుడు తొట్రిల్లినా, ఆ దర్శనం నెరవేరకపోయినా వీరి విశ్వాసమూ కూలిపోతోంది. పునాది నేలపైనే ఆగిపోయిందని అప్పుడు బయటపడుతుంది.

ఆళ్లగడ్డ శిల్పకళకు పేరు. ఎంత చేయి తిరిగిన శిల్పి అయినా కొలత వేసుకునే ఉలి పెడతాడు. బైబిలు గ్రంథాల జాబితాకు వాడే 'కానన్' అనే గ్రీకు మాటకు అర్థం కూడా కొలబద్ద అనే. బెరయ ప్రజలు సాక్షాత్తూ పౌలు బోధనే లేఖనాలతో సరిచూసుకున్నారు (అపొ. 17:11). దానికి పౌలు నొచ్చుకోలేదు. లూకా వారిని మెచ్చుకుంటూ రాశాడు. ప్రసంగం విని 'ఇది ఎక్కడ రాసి ఉంది?' అని వినయంగా అడిగే విశ్వాసి సంఘానికి శత్రువు కాడు, బలం!

అయితే కొలబద్దతో ముందు కొలుచుకోవలసింది ఎదుటివారిని కాదు, మనల్ని. ఆదివారం విన్న వాక్యభాగాన్ని ఇంటికెళ్లి కుటుంబంతో కలిసి మళ్లీ చదవండి. చదవలేని పెద్దలుంటే పిల్లల చేత చదివించి వినిపించండి. అందులో చేయవలసింది ఏముందో గుర్తించి ఆ వారంలోనే చేయండి. మాటలు మానేసిన సహోదరుడు ఉన్నాడా? కానుకను బలిపీఠం దగ్గరే ఉంచి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు ప్రభువు (మత్తయి 5:23-24). ఆ వాక్యాన్ని వంద సార్లు చదవడం కంటే ఒక్కసారి అతని గడప తొక్కడమే లోతుగా తవ్వడం.

వరద ఎవరి ఇంటిమీదికి ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చాక పునాది తవ్వే వ్యవధి ఉండదు. తవ్వవలసింది ఇప్పుడే!